పార్టీ మార్చిన అభిమాని

"ముందుగాల జపాన్ల ఆసియా ఆటలు. వచ్చే ఏడు అక్టోబర్ల దక్షిణాఫ్రికాల క్రికెట్ ప్రపంచకప్పు. గదే నెలల ఆస్ట్రేలియాల రగ్బీ ప్రపంచకప్పు. రెండూ ఒక్కసారే వస్తున్నయ్. నువ్వేది జూస్తవ్ తమ్మీ?" పక్క మంచం మీది నుంచి అడిగాడు సిద్దయ్య.

"రగ్బీ," అన్నాడు ఇస్రాయేలు కళ్లు తెరవకుండానే.

"అండ్ల మన దేశమే లేదు గద."

"లేకుంటేంది. ఆట ఆటనే."

నల్గొండ దవాఖానలో డయాలసిస్ గది అది. రోజు విడిచి రోజు ఆ ఇద్దరి మంచాలూ పక్కపక్కనే. ఇంకా మగ్గం వదలని సిద్దయ్యకూ, కరెంటాఫీసులో రిటైరైన ఇస్రాయేలుకూ స్నేహం కుదిర్చింది క్రికెట్టే. యంత్రం రక్తాన్ని వడకడుతున్నంతసేపూ పాత మ్యాచులు తవ్వుకునేవాళ్లు.

చుట్టుపక్కల మైదానాల్లో ఇస్రాయేలు గొంతు తెలియనివాళ్లు తక్కువ. ఏ ఊళ్లో టోర్నమెంటు పెట్టినా మైకు ముందు కుర్చీ ఆయనదే. అవుటైన కుర్రాడు తల దించుకుని వస్తుంటే, వాడు కొట్టిన ఒకే ఒక్క ఫోరును మళ్లీ వర్ణించి సాగనంపేవాడు.

అలాంటి మనిషి నెల రోజులుగా క్రికెట్ ఊసెత్తడం లేదు. సిద్దయ్య ఫోన్లో మ్యాచ్ పెడితే మొహం తిప్పుకుంటున్నాడు. తన ఫోన్లో మాత్రం కోడిగుడ్డు లాంటి బంతి, ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకునే మనుషులు.

"ముందుకు ఉరుకుడట, బంతి మాత్రం ఎనకున్నోనికే ఇయ్యాల్నట. గిదేం ఆట తమ్మీ? పాయింట్లెట్లొస్తయో నీకన్న ఎరుకేనా?"

"నేర్చుకుంటున్న," అన్నాడు ఇస్రాయేలు.

ఆ ఆట ఇంట్లోకి తెచ్చింది కూతురు రూప. గురుకులంలో నేర్చుకుని రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది. అప్పట్లో ఇస్రాయేలుకు అదంటే గిట్టేది కాదు. భార్య జానమ్మ పోయాక, చెక్కుకుపోయిన కూతురి మోకాళ్లకు మందు రాసే పని తనదైంది. రాసినప్పుడల్లా బతిమాలేవాడు. "నీకు దండం పెడత బిడ్డా, గా కుమ్ములాట ఇడిసిపెట్టి క్రికెట్ల చేరు."

ఇప్పుడు కలకత్తా క్యాంపు నుంచి రూపకు పిలుపొచ్చింది. ఆసియా ఆటలకు జట్టును ఎంచేది అక్కడే. జవాబు ఇవాళే చెప్పాలి.

నిర్మలమ్మ సిస్టరు ఇవాళ ఇస్రాయేలు చేతికి మొదటిసారికే సూది సరిగ్గా గుచ్చింది. అదే మేలనుకున్నాడు. అంతలో రూప వచ్చి ఆయన నోట్లో చిన్న మంచుముక్క పెట్టింది. నీళ్లు ఎక్కువ తాగకూడని నాలుకకు అంతకు మించిన విందు లేదు.

"బాపూ, కోచ్ సార్‌కు రానని చెప్తున్న," అంది. "నా కిడ్నీ నీకు సరిపోతదన్నరు గద. మొదలు ఆపరేషన్ గానీ. జర కోలుకున్నంక మళ్ల ఆడుకుంట. ఆటలెక్కడికి పోతయ్?"

"వద్దు. నువ్వు క్యాంపుకు పో. నిన్ను టీవీల జూడాలె నేను."

"నీ గుండె కమ్జోరైందన్నరు. ఆలస్యం చెయ్యొద్దన్నరు."

"దాతల కోసం పేరు రాయించిన గద. ఎవలదో ఒకలది వస్తది."

"గా వంతు ఎప్పుడొస్తదో ఎవలకెరుక? పోనీ, క్రికెట్ల చేరుమన్నవు గద. ఆపరేషన్ అయినంక గదే ఆడుత. ఇగ రగ్బీ ముట్ట. సరేనా?"

ఇస్రాయేలు మొహం పాలిపోయింది. "గా మాట మళ్ల అనకు."

సిద్దయ్య ఉండబట్టలేకపోయాడు. "పిల్ల తన పానం పంచి ఇస్తనంటే నీకు మ్యాచ్ ముచ్చట గావాల్నా తమ్మీ? వచ్చే ఏడు కప్పు జూడాలన్నా మొదలు మనిషి ఉండాలె గద."

ఇస్రాయేలు ఆయన వైపు చూడలేదు. సూది లేని చేతిని పైకెత్తి, కూతురితో మెల్లగా అన్నాడు.

"కలకత్తా పోకుంటే, ఎల్లుండి సంది నేను గీ మంచమెక్క."

తండ్రి మాట మీద నిలబడే మనిషని రూపకు తెలుసు. ఫోన్ తీసింది.

"సార్, రూపను. వస్తున్న సార్."

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. "నాకంటె నీకు గా బంతే ఎక్కువైంది బాపూ."

అంత కోపంలోనూ దుప్పటిని ఆయన పాదాల మీదికి లాగి మరీ బయటికి వెళ్లింది. ఇస్రాయేలు ఆ దుప్పటి అంచు వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆమె చెప్పుల చప్పుడు మెట్ల దాకా వెళ్లి ఆగిపోయింది. అప్పుడు తల తిప్పాడు.

"సిద్దన్నా, మ్యాచ్ పెట్టు. స్కోరెంత?"

"ఏంది, మళ్ల పార్టీ మార్చినవా? గంత రగ్బీ పిచ్చి గింతల్నే ఎటు పాయె?"

ఇస్రాయేలు నోట్లో మిగిలిన మంచు చుక్కను మింగాడు.

"క్రికెట్ అయితే ఒక్క కిడ్నీతోని గూడ ఆడొచ్చట అన్నా, రగ్బీకి రెండూ ఉండాల్నని డాక్టర్ పోయిన నెల నాకొక్కనికే చెప్పిండు."