మూడు ఫోన్ల రూలు

అనుగ్రహ రిపోర్టు సరళకుమారి బల్ల మీదికే వచ్చింది. ఢిల్లీలో ఇంతమంది నర్సులుండగా సరిగ్గా ఆమె బల్ల మీదికే.

నెల క్రితం తెలుగు చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు గర్భాశయ ముఖద్వార పరీక్షల క్యాంపు పెట్టించారు. అందులో తేడా వచ్చినవాళ్లకు ఫోన్ చేసి, తర్వాతి పరీక్షకు రప్పించడం ఆసుపత్రిలో సరళ పని. అనుగ్రహకు గట్టి తేడాయే వచ్చింది. ఇంకా క్యాన్సర్ కాదు. వదిలేస్తే అయ్యేలా ఉంది.

ఆ కాగితం చూసి సరళ నవ్వింది. నవ్వదా మరి? పాపం కదా అని బాపట్ల నుంచి పిలిపించి, తన ఇంట్లోనే గది ఇచ్చి, ఉద్యోగం చూపిస్తే, ఏడాది తిరక్కుండా సరళ మొగుడు నోవహుని లేపుకుపోయింది ఈ మహాతల్లి. “దీని అంతు చూడకుండా వదలను” అని సరళ ఆరేళ్లుగా అంటూనే ఉంది.

రూలు ప్రకారం మూడుసార్లు ఫోన్ చేయాలి. అయినా రాకపోతే ఫైలు మూసేయొచ్చు.

మొదటిసారి గొంతు గుర్తుపట్టి పెట్టేసింది అనుగ్రహ. రెండోసారి, “క్యాన్సర్ పేరు చెప్పి బెదిరించి పగ తీర్చుకుంటున్నావా అక్కా? నీ సంగతి నాకు తెలీదా?” అంది. మూడోసారి అసలు ఎత్తలేదు.

“అయిపోయింది కదా దీదీ. ఇంక ఆవిడిష్టం” అంది పక్క సీటు జెనీఫర్.

“అంతే. నా తప్పేం లేదు” అంటూ సరళ ఫైలు మూసేసింది. ఆ మధ్యాహ్నం తృప్తిగా భోంచేసింది కూడా.

మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే ఫైలు తీసింది. సగం రోజు సెలవు పెట్టి, ఆటో ఎక్కి బేర్ సరాయ్‌లో అనుగ్రహ ఇంటికి వెళ్లింది. ఇరుకు సందులో మూడో అంతస్తు.

తలుపు తీసిన అనుగ్రహ మొహం పాలిపోయింది. లోపల్నుంచి నోవహు టీ కోసం కేకలేస్తున్నాడు.

“చెప్పులేసుకో. ఆటో కింద ఉంది.”

“నేను రాను. నీ మాట నమ్మను.”

“నన్ను నమ్మొద్దులే. డాక్టరమ్మను నమ్ము. వచ్చేదాకా ఈ మెట్ల మీదే కూర్చుంటా.”

అన్నట్టే కూర్చుంది. రెండు గంటలు. ఇరుగుపొరుగు తొంగి చూడ్డం మొదలుపెట్టాక అనుగ్రహ దిగొచ్చింది.

పరీక్ష అయ్యేంతసేపూ సరళ పక్కనే నిలబడింది. చెడిన భాగం చిన్నదే, తీసేశారు. రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. భయం లేదు, చెప్పిన టైముకి వచ్చి చూపించుకుంటే చాలు, అంది డాక్టరమ్మ.

అనుగ్రహ సరళ చేతులు పట్టుకుని ఏడ్చింది. “నీ కొంప కూల్చాను. నువ్వేమో నా ప్రాణం కాపాడావు.”

“ఏడుపాపు. ఆర్నెల్లకి మళ్లీ రావాలి. రాకపోతే మళ్లీ నేనే వస్తా” అని కసిరింది సరళ.

ఆమె వెళ్లాక జెనీఫర్ కళ్లు తుడుచుకుంది. “ఎంత పెద్ద మనసు దీదీ మీది. నేనైతే చచ్చినా క్షమించను.”

“క్షమించడమేంటి జెనీఫర్, దీనికేమన్నా అయితే తిరిగి నీ దగ్గరికే వచ్చేస్తానని ఫైలు మూసిన రోజు సాయంత్రం నోవహు నాకు ఫోన్ చేశాడు” అంది సరళ.