కోడ్ల పుస్తకం

నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు తవ్వుతున్న ప్రొక్లెయిను ఆగిపోయిందంటే బందరు నుంచి వెళ్లాను. తెరమీద ఏదో ఫాల్టు కోడు వెలుగుతోంది. కోడ్ల అర్థాలుండే పుస్తకం ఇంట్లో మర్చిపోయాను.

"ఏమిటండీ దీని రోగం?" అన్నాడు ఓనరు.

మెకానిక్కునై ఉండి తెలియదని అనలేకపోయాను.

"డీజిల్లో నీళ్లండీ. పోసేటప్పుడు మీ ఆపరేటరు చూసుకోవద్దూ?" అన్నాను, పక్కనే ఉన్న నాంచారయ్యను చూపిస్తూ.

నేను ఫిల్టరు విప్పి, కడిగి, బిగించాక బండి స్టార్టయింది. కోడూ పోయింది. ఓనరు అక్కడికక్కడే నాంచారయ్యను పని మాన్పించాడు. అతను కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఆ కోడుకి డీజిల్‌తో సంబంధమే లేదు. సెన్సారు వైరు ఊడిందని అర్థం. కిందటి నెల సర్వీసులో ఆ వైరు బిగించింది నేనే. కోడు పోయిందంటే ఇవాళ ఎవరో దాన్ని మళ్లీ తగిలించారు. అది మాత్రం నేను కాదు.

మర్నాడు నాంచారయ్య ఇంటికెళ్లి ఆ వైరు సంగతి అడిగాను.

"మీరు ఫిల్టరు విప్పుతుంటే వేలాడుతూ కనపడిందండీ. నేనే పెట్టేశాను."

"మరి ఓనరుగారికి చెప్పలేదేం?"

"ఆయన ముందు మీ పరువు పోతుంది కదండీ" అంటూ కండువాతో కుర్చీ తుడిచి నాకు వేశాడు.