బాయిపనోడి బెల్టు

“మెత్తటి వాచీ బెల్టు ఏదన్నా ఉన్నదా అన్నా?”

రామచంద్రం కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే కసురుకున్నాడు.

“అన్న గిన్న ఏంది? సేటు అను.”

హుజూరాబాద్ బస్టాండు ఎదుట గడియారాల దుకాణం అతనిది. ఒకనాడు ఎవరిదో వాచీ చేయిజార్చి పగలగొట్టాడని తమ్ముడు బుచ్చిరాములును అక్కడే, పదిమంది ముందు చెంప మీద కొట్టాడు. ఆ సాయంత్రమే తమ్ముడు ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. రెండేళ్లయినా ఉత్తరం ముక్క లేదు. అప్పటినుంచి ఎవరు ‘అన్నా’ అని పిలిచినా రామచంద్రానికి కోపం వస్తుంది. నిజానికది కోపం కాదు, దిగులు. ఒప్పుకోడు, అంతే.

వచ్చినవాడు నల్లగా, బక్కగా ఉన్నాడు. ముంజేతుల మీద నీలి గీతలు. ఎడమ మణికట్టుకు దస్తీ చుట్టుకున్నాడు. బెల్టు లేని వాచీని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

రామచంద్రం తోలు బెల్టు చూపించాడు.

“వద్దు. నీళ్లల్ల పని. నెలకే కుళ్లుతది.”

స్టీలుది తీయబోతే అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“గదైతే అసలే వద్దు.”

నైలాన్ నేత బెల్టులు అప్పుడప్పుడే హైదరాబాదు నుంచి వస్తున్నాయి. నాలుగు తీసి పరిచాడు. అతను ఒక్కొక్కటే వేళ్లతో నలిపి, చెంపకు ఆనించుకొని చూసి, చివరికి బూడిదరంగుది ఎంచుకున్నాడు.

“ఏం పని నీది?”

“బాయి పని.”

రామచంద్రానికి నవ్వాగలేదు. పక్కన గాజులమ్మే కనకవ్వను కేకేశాడు.

“చూసినవా కనకవ్వా! బాయిల పూడిక తీసేటోనికి చేతిగడియారమట. దానికి మెత్తటి బెల్టట!”

“అయితేంది? ఆయనకు టైమొద్దా?” అంది కనకవ్వ.

అతనూ నవ్వాడు. “గా బాయి గాదన్నా, మాది...”

“మల్ల అన్న అంటవ్!”

అతను మాట ఆపి చెయ్యి చాచాడు.

ఆ బక్క చేతికి బెల్టు వదులైంది. రామచంద్రం సూది కాల్చి ఇంకో రంధ్రం వేశాడు. కరిగిన నైలాన్ అడుగువైపు గట్టిపడి చిన్న ముల్లులా నిలిచింది. సానరాయి మీద రెండుసార్లు రుద్దితే పోయేదే. బాయిపనోడికి ఇది చాల్లే అనుకున్నాడు.

అతను మర్నాడు మళ్లీ వచ్చాడు.

“అడుగున గీరుకుంటున్నది సేటూ. జర నున్నగ చెయ్.”

“కొత్త నైలాన్ గంతే. రోజూ నీళ్లల్ల నానబెట్టు, నీడకు ఆరెయ్, తొడుక్కొని తిరుగు. చేతికి మాలిమైతది. బాయిల దిగేటోనికి గింత సోకా?”

అతను కదల్లేదు. బల్ల వెనక ఖాళీగా ఉన్న రెండో పీట వైపు చూశాడు.

“గా పీట ఎవ్వలది?”

“ఎవ్వలది గాదు.”

“తోడబుట్టినోళ్లు లేరా?”

కనకవ్వ గాజులు సర్దడం ఆపి ఇటు తిరిగింది.

ఉన్నాడని చెప్పాలనే ఉంది రామచంద్రానికి. ఎక్కడున్నాడని అడిగితే తెలియదని చెప్పాలి. అది నామోషీ.

“లేరు.”

“ఒకసారి యాది చేసుకొని చెప్పు.”

“లేరంటుంటె సమజైతలేదా? నీ బస్సు పోతది, నడువ్!”

అతను దస్తీ మీద బెల్టు సవరించుకున్నాడు.

“పోయొస్త... అన్నా.”

రామచంద్రం కసిరేలోగా రోడ్డు దాటి బస్సెక్కేశాడు.

ఆ పిలుపు రామచంద్రాన్ని రోజంతా వదల్లేదు. ఇంటికి పోయి తనొక్కడికే అన్నం వండుకున్నాడు. తినబుద్ధి కాలేదు.

రెండు నెలలకు టపాలో చిన్న పొట్లం వచ్చింది. విప్పితే అదే బూడిదరంగు బెల్టు, దానితో ఒక ఉత్తరం. ఉత్తరం మీది చేతిరాత చూడగానే “తమ్ముడే!” అన్నాడు రామచంద్రం. అది బుచ్చిరాములు రాత.

ముందు బెల్టునే తిరగేసి తడిమాడు. ముల్లు లేదు. మనిషి చేతి మీద అరిగి అరిగి నున్నబడింది. బెల్టంతా ఉతికి ఉతికి పాతబడిన ధోవతిలా మెత్తగా ఉంది.

“ఏం రాసిండు సేటూ?” అంది కనకవ్వ.

రామచంద్రం ఉత్తరం మడత విప్పాడు. లోపలే చదువుకున్నాడు.

“అన్నా, నేను గోదావరి అవతల బొగ్గుబాయిల పని చేస్తున్న. నన్ను ఇంటికి రానిస్తవో లేదో తెలుసుకొని రమ్మని నాతోటి పనిచేసే రాయమల్లన్నను నీ తాన్కి పంపిన. ‘మీ అన్న మంచోడు, బెల్టు మంచిగ చేసిండు, నీ పీట అట్లనే ఉంచిండు, పో’ అని వచ్చి చెప్పిండు. నాకే ధైర్యం చాలలే.”

రామచంద్రం ఆ వాక్యాలను మళ్లీ చదివాడు. తానన్న మాటల్లో ఒక్కటి కూడా గోదావరి దాటలేదు.

“మొన్న జరమొచ్చి రాయమల్లన్న పోయిండు. ఆయనకు నా అనేటోళ్లు ఎవ్వలు లేరు. బెల్టు మాలిమైందని అందరికీ చూపిచ్చేటోడు, అందుకే నీకు పంపుతున్న. ఆ దస్తీ ఎందుకు కట్టుకున్నడో నీకు చెప్పి ఉండడు. వానకాలం మా బాయిల నీళ్లు తెగి నేను కొట్టుకపోతుంటె, నా చేతికి చిక్కింది ఆయన స్టీలు బెల్టే అన్నా. అది ఎముక దాక కోస్తున్నా నన్ను గుంజుకునేదాక వెనక్కి తియ్యని చెయ్యి గది.”