బెంచీ మీది స్వెట్‌షర్టు

కోడలు తెచ్చిన సంచిలో స్వెట్‌షర్టు కనబడగానే పోస్టుమాస్టరమ్మ మొహం పాలిపోయింది.

“నాకొద్దమ్మా.”

“రంగు నచ్చలేదా అత్తయ్యా?”

“రంగు సంగతి కాదు. ఆ బట్టే వద్దు.”

“మెత్తగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. ఈ రోజుల్లో ఇది లేనివాళ్ళెవరో చెప్పండి?”

ఆమె బాధ కూడా అదే.

నలభై ఏళ్ళ కిందట ఆ బట్ట ఆటలాడేవాళ్ళ ఒంటి మీద తప్ప కనబడేది కాదు. అంతకుముందు పరుగుపందేల పిల్లలు ఉన్ని స్వెట్టర్లు తొడుక్కుని, దురదకు మెడ గోక్కుంటూ చలి ఆపుకునేవాళ్ళు. ఒక శీతాకాలం కోచ్ గారు పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి, జట్టులో ఒక్కొక్కరికీ ఒక్కో నూలు చొక్కా పంచారు. బూడిద రంగు. లోపల దూదిలాంటి నూగు. అందరికీ ఒకటే కొలత కావడంతో పొట్టివాళ్ళకు మోకాళ్ళదాకా వచ్చింది.

“దీన్ని స్వెట్‌షర్టంటారు. చెమట పీలుస్తుంది, కండలు చల్లబడనివ్వదు. పందేనికి ముందే విప్పేశారో, కాళ్ళు కొయ్యలైపోతాయి. జాగ్రత్త!” అన్నారు.

జట్టులో అందరికంటే వేగం లేడిది. ఆ పేరు కోచ్ గారు పెట్టిందే. అసలు పేరుతో పిలిస్తే ఆ పిల్ల పలికేది కూడా కాదు. రెండోస్థానం ఎప్పుడూ మన పోస్టుమాస్టరమ్మది. అప్పటికింకా ఏ అమ్మా కాదు, వట్టి పందొమ్మిదేళ్ళ పిల్ల. ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే దువ్వెన, ఒకటే పిచ్చి.

ఆఖరి పందెం రోజు రానే వచ్చింది. గెలిచినమ్మాయికి తపాలాశాఖలో ఉద్యోగం. తెల్లారేసరికి ఒకటే ఈదురుగాలి. ఈమె తన స్వెట్‌షర్టు కోసం సంచిలో చూస్తే లేదు. ఉతకడానికి వేసి తెచ్చుకోవడం మరిచానేమోనని తన మతిమరుపును తిట్టుకుంటూ, పల్చటి చొక్కాతోనే మైదానానికి వెళ్ళింది.

పందెం అరగంట ఆలస్యమన్నారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. లేడి తన ఒంటిమీది స్వెట్‌షర్టు విప్పి బెంచీ మీద పెట్టి, లోపలి చొక్కాకు నంబరు గుడ్డ కుట్టించుకోవడానికి వెళ్ళింది. ఈమె అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. తీసి తొడుక్కుని, మైదానం అవతలి కొసకు పోయి కూర్చుంది.

చలికి తట్టుకోలేక తీశానని ఆమె ఎప్పుడూ తనకు తాను సర్దిచెప్పుకోలేదు. లేడి కాళ్ళు కొయ్యలు కావాలనే తీసింది.

అరగంట తర్వాత లేడి వచ్చింది. చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతోంది. ఈమె ఒంటిమీది బూడిద రంగు చొక్కాను చూసింది. తల దించుకుని గీత దగ్గరికి నడిచింది.

సగం దూరంలో లేడికి పిక్క పట్టేసింది. ఉద్యోగం ఈమెకొచ్చింది.

లేడి కోచ్ గారికి ఒక్క మాట చెప్పలేదు. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఎప్పుడైనా ఎదురుపడితే మొహం తిప్పుకుని రోడ్డు దాటేసేది. పెళ్ళికి పిలిస్తే రాలేదు. తన పరువు తీయడం ఇష్టంలేకే అంతా కడుపులో దాచుకుందనుకుని ఈమె లోలోపల కుంచించుకుపోయేది. నాలుగు తిట్టినా బాగుండేది.

మొదట్లో ఆ బట్టను తప్పించుకోవడం తేలికే. మైదానం వైపు వెళ్ళకపోతే సరిపోయేది. కానీ ఆ దిక్కుమాలిన చొక్కా మైదానంలో ఉంటేనా? ముందు కాలేజీ పిల్లలు గుండెల మీద కాలేజీ పేరు రాయించుకుని తిరిగారు. తర్వాత దానికి టోపీ మొలిచింది. పొట్ట మీద జేబు వచ్చింది. బస్సు కండక్టరు వేసుకున్నాడు. పాలవాడు వేసుకున్నాడు. సినిమావాళ్ళు కూడా వేసుకున్నాక ఇక పట్టేదెవరు? తపాలా కిటికీ ముందు పదిమంది నిలబడితే ఆరుగురి ఒంటిమీద అదే. ఆమె తల దించుకుని ముద్రలు గుద్దేది. “మేడమ్‌గారికి పొగరు, మనిషి మొహం చూడదు,” అనుకునేవాళ్ళు జనం. చివరికి ఉయ్యాల్లో మనవరాలికి కూడా జానెడు స్వెట్‌షర్టు!

ఇవాళ అది తన ఒంటిమీదికే వచ్చింది.

కోడలు లోపలికెళ్ళాక, బీరువా అడుగు నుంచి పాత దుప్పటిలో చుట్టిన మూట తీసింది. నలభై ఏళ్ళలో ఒక్కసారీ విప్పలేదు. పారేసే ధైర్యమూ చాలలేదు. ఆ మూటతో బస్సెక్కింది.

తలుపు తీసింది లేడే. బాగా ఒళ్ళు చేసింది. మోకాళ్ళకు పట్టీలు. ఈమెను చూడగానే ఒక అడుగు వెనక్కి వేసింది. మంచినీళ్ళిచ్చి, కళ్ళెత్తకుండా ఎదురుగా కూర్చుంది.

పోస్టుమాస్టరమ్మ మూట విప్పి, లోపలున్నది ఆమె ఒళ్ళో పెట్టింది.

“ఆ రోజు బెంచీ మీంచి తీసింది నేనేనే. నీ కాళ్ళు పట్టేయాలనే తీశాను. నీ నోటి దగ్గర కూడు లాక్కున్నాను. నువ్వు చూశావు, నాకు తెలుసు. అయినా నన్ను బయటపెట్టలేదు. నీ గడప తొక్కే మొహం కూడా లేదు నాకు. తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. నీది నువ్వు తీసుకో.”

లేడి ఆ బట్టను నిమిరింది. తల మాత్రం ఎత్తలేదు.

“ఇది నాది కాదే, ఆ పొద్దున నాది తడిసిపోయి ఉంటే, నువ్వు మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నీ సంచిలోంచి తీసి వేసుకున్నాను,” అంది.