పచ్చచుక్క స్పాంజి

ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ కుళాయి కింద గాజుతొట్టిలో ఒక సముద్రపు స్పాంజి నీళ్లు వడకడుతోంది. శేషమాంబ ఇంట్లో పాతదాన్ని మార్చడానికి కంపెనీ మనిషి వచ్చాడు.

"సున్నపు రకం స్పాంజి ఇవ్వనా, గాజు రకమా? రెండూ ఆరోగ్యమైన జంతువులేనండి."

మడిబట్టలో ఉన్న శేషమాంబ చెంబు కింద పెట్టేసింది.

"జంతువులేమిటి? సముద్రపు మొక్కన్నారుగా. డబ్బా మీద శాకాహారమని పచ్చచుక్క కూడా వేశారు."

"వేల రకాలున్నాయండి. అన్నీ జంతువులే. అయినా మీరు తాగేది నీళ్లే కదండి."

"నోరు ముయ్యి. ఇన్నేళ్లూ నా మడి గంగలో కలిపారు."

అతను పాత స్పాంజిని తీసి చెత్తబుట్ట వైపు నడిచాడు.

"ఆగు. దానికి ప్రాణముందా?"

"ఉందండి. ముసలిదైపోయింది, ఇక వడకట్టలేదు."

"అయితే తొట్టిలోనే పెట్టు. మా మురికి తాగి ముసలిదైన ప్రాణిని నా కళ్లముందే చెత్తలో వేస్తావా? కొత్తది పట్టుకుపో. ఇకమీద మా మురికి మేమే కాచుకు తాగుతాం."