మబ్బు ముట్టిన మడిచీర

పొద్దుగూకాక కొండమీది మబ్బు మల్కాపురం మేడల మీదికి దిగింది. రేపటి పూజకు ఆరేసిన మడిచీర కోసం నారాయణమ్మ పైకెక్కింది. రోజూ చీరమీద ఫ్యాక్టరీల మసి పొడిగా పడేది, దులిపితే పోయేది. ఇవాళ మసి లేదు. తడిసిన చీర నిండా ఆవగింజంత చిల్లులున్నాయి.

"ఎవరు ముట్టేరండీ దీన్ని?"

మబ్బులోంచి, అక్కడే మేడమీద మంచమేసుకుని పడుకున్న భర్త గొంతు వినిపించింది. "మబ్బే ముట్టింది. పొగ దాన్లో నానితే పులిసి యాసిడైపోద్దంట. మా ఫ్యాక్టరీ కెమిస్టు సెప్పేడు."

"దేవుడిచ్చిన నీటికి పులుపేటండీ?"

ఆయన నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగింది. చీర అంచు నుంచి చుక్కలు పడుతున్న చప్పుడొక్కటే మిగిలింది.

"ఏవండీ, లోపలికి రండి."

పలకలేదు. మైలపడింది చీరో, మబ్బో తేల్చుకోలేక ఆమె మంచం కోసం తడుముకుంది. ఆయన కప్పుకున్న తడి దుప్పటి తగిలింది. లాగబోతే చివికిన బట్టలోంచి వేళ్లు దిగిపోయాయి.