పలకని బల్లి

ఊరి చివర హాస్టల్లో ఒక బల్లి ఉండేది. "ఈసారి పాసవుతాన్రా" అని ఏ కుర్రాడన్నా చాలు, గోడమీంచి పలికేది. బల్లి పలికితే జరిగి తీరుతుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళ ముఖాలు వెలిగిపోతే దానికి కడుపు నిండినట్టుండేది.

కొన్నాళ్ళకి హాస్టలు ఎత్తేసి, ఆ గదుల్లో ఎరువుల బస్తాలు వేశారు. "వానాకాలానికి కప్పు బాగుచేయిస్తాం" అని గుమాస్తా అంటే, అలవాటు కొద్దీ పలికింది. కప్పూ లేదు, గిప్పూ లేదు. బస్తాలు కూడా తీసుకుపోయారు. గోడలు నాని ఉబ్బాయి.

ఒక సాయంత్రం మబ్బు కమ్ముకొస్తుంటే, ఒక ఉడుత తన మూడు పిల్లల్ని గోడ పగులులో పడుకోబెట్టింది.

"తాతా, ఈ గోడకేం కాదు కదా?"

పలుకు బల్లి నోటిదాకా వచ్చింది. కాళ్ళకింద ఇటుకలు సన్నగా కదిలాయి. నోరు బిగపట్టుకుంది.

"పలకవేం తాతా?"

పలకలేదు. ఉడుతకి అర్థమైంది. పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని చింతచెట్టు మీదికి చేర్చింది. బల్లీ వెనకాలే పాకింది.

తెల్లారేసరికి గోడ ఉన్నచోట తడిసిన ఇటుకల కుప్ప మిగిలింది.

"తాత పలకలేదు, మనం బతికాం" అంది ఉడుత పిల్లలతో.

పక్క కొమ్మ మీంచి బల్లి పలికింది.